వాల్‌పేపర్ తీసిన గోడకు పెయింట్ నిలవడం లేదా? పాత జిగురు చూడండి

వాల్‌పేపర్ పీకేసి పెయింట్ వేస్తే బుడగలొచ్చి పెచ్చులూడుతోందంటే, తప్పు చాలావరకు పెయింట్‌ది కాదు, గోడ మీద మిగిలిన పాత జిగురుది. ఎండాక అది కంటికి కనపడదు. పెయింట్‌లోని నీళ్లు తగలగానే మళ్లీ మెత్తబడుతుంది.

1. లేచిన పెయింట్ గీకేయండి. స్విచ్‌బోర్డుల దగ్గర తడి పని, కరెంటు మెయిన్ ఆపండి.

2. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, స్పాంజితో గోడ కొంతమేర తడపండి.

3. అందరూ తొందరపడేది ఇక్కడే. తడిపిన వెంటనే రుద్దితే జిగురు ఊడదు, పక్కలకు పూసుకుంటుంది. 10–15 నిమిషాలు నాననివ్వండి. ఈలోగా ఆరిపోతుంటే మళ్లీ తడపండి. వేలు పెడితే జారాలి, అప్పుడు ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీయండి. జిప్సం బోర్డు (పైన కాగితం అతికించిన జిప్సం పలక) గోడైతే నీళ్లు కారేంత తడపొద్దు, పైకాగితం ఉబ్బుతుంది.

4. మంచినీళ్లతో తుడవండి, బకెట్‌లో నీళ్లు మారుస్తూ. మురికి నీళ్లతో తుడిస్తే తీసిన జిగురే మళ్లీ రాసినట్టు.

5. తడిచేత్తో గోడ తడమండి. ఎక్కడ జారితే అక్కడ మళ్లీ 2 నుంచి.

గోడ పూర్తిగా ఆరాక ప్రైమర్ (పెయింట్ కింద వేసే తొలి పూత), తర్వాతే పెయింట్.