టెరిటోరియల్ ఆర్మీ డ్యూటీ ముగించుకుని వస్తే ఉద్యోగం లేదంటున్నారు

ప్రశ్న: నేను పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక ప్రైవేటు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్‌ని. కొన్నేళ్లుగా టెరిటోరియల్ ఆర్మీలో జవానుగా కూడా ఉన్నాను. ఏటా శిక్షణ శిబిరానికి వెళ్లినప్పుడు యాజమాన్యం జీతం లేని సెలవు ఇచ్చేది. గత ఏడాది మా బెటాలియన్‌ను ఎంబాడీ చేయడంతో (అంటే పూర్తికాల సైనిక సేవలోకి పిలవడంతో) నెలల తరబడి సరిహద్దు రాష్ట్రంలో పనిచేసి గత నెలలో తిరిగి వచ్చాను. డ్యూటీలో చేరతానంటే, ‘మీ ఇష్టంతో వెళ్లారు, మీ స్థానంలో వేరే మనిషిని తీసుకున్నాం, రాజీనామా రాసిస్తే పీఎఫ్ లెక్క తేలుస్తాం’ అంటున్నారు. స్వచ్ఛందంగా చేరినవాడికి పాత ఉద్యోగం మీద హక్కు ఉంటుందా? మాతో పనిచేసిన ఒకరు గాయపడి కాలు పోగొట్టుకున్నారు. టెరిటోరియల్ వాళ్లకు వికలాంగ పింఛను రాదని కొందరు అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: అన్నిటికన్నా ముందు, ఆ రాజీనామా పత్రం మీద సంతకం చేయకండి. సంతకం పడిన తర్వాత, మిమ్మల్ని వారు తీసేశారా, మీరే మానుకున్నారా అన్న వాదన మొదలవుతుంది. ఈ రోజు చట్టం మీ పక్షాన ఉంది కాబట్టి ఆ అవకాశాన్ని వారికి ఇవ్వవలసిన పని లేదు.

‘మీ ఇష్టంతో వెళ్లారు’ అన్న మాటలో సగమే నిజం. 1948 నాటి టెరిటోరియల్ ఆర్మీ చట్టం ప్రకారం చేరడం వరకే మీ ఇష్టం. చేరిన తర్వాత పిలుపు వస్తే వెళ్లడం సెక్షన్ 7 కింద మీ బాధ్యత. పౌర ప్రభుత్వానికి అండగా నిలవడానికైనా, ముఖ్య స్థావరాల కాపలాకైనా, శిక్షణకైనా, రెగ్యులర్ సైన్యానికి తోడుగా పనిచేయడానికైనా పిలవవచ్చు. ఎంబాడీ చేసిన క్షణం నుంచి మీకు 1950 నాటి ఆర్మీ చట్టం వర్తిస్తుంది. ఆ సమయంలో సెలవు లేకుండా గైర్హాజరైతే దాని సెక్షన్ 39 కింద అది శిక్షార్హమైన నేరం. ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనులు ఉన్నాయని చెప్పి మీరు ఆగిపోవడానికి వీలుండేది కాదు. ఇది మీ యాజమాన్యానికి తెలియని విషయమూ కాకపోవచ్చు. 2025 మే 6న రక్షణ శాఖ జారీ చేసిన ఉత్తర్వు టెరిటోరియల్ ఆర్మీ నిబంధనల్లోని 33వ నిబంధన కింద అధికారులందరినీ, జవాన్లందరినీ పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చింది. 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను ఎంబాడీ చేయడానికి ఆమోదం తెలిపిన ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు అమలులో ఉంటుందని పత్రికలన్నీ రాశాయి.

ఈ సైన్యం స్వరూపమే చట్టంలోని మిగతా సెక్షన్లకు మూలం. 1949 అక్టోబరు 9న గవర్నర్ జనరల్ రాజాజీ ప్రారంభించిన ఈ దళం, తన బతుకుతెరువు తనకున్న పౌరుడిని ఏడాదిలో కొంతకాలం మాత్రమే సైనికుడిగా వాడుకునే ఏర్పాటు. 1962, 1965, 1971 యుద్ధాల్లో పాల్గొన్నదీ, వరదలకు, తుపానులకు సాయపడేదీ, 1982 నుంచి పర్యావరణ బెటాలియన్లుగా బోడి కొండల మీద అడవులు పెంచుతున్నదీ ఇదే. (క్రికెటర్లకు, సినీతారలకు ఇచ్చే గౌరవ హోదాల మూలంగా చాలామంది దీన్ని అలంకారప్రాయమనుకుంటారు. మీ హెచ్‌ఆర్ అధికారి కూడా అలాగే అనుకున్నారేమో.) జవానుకు ఏడాది పొడవునా జీతమిచ్చే భారం ప్రభుత్వం మీద పడకుండా ఉండాలంటే, తిరిగి వచ్చేసరికి అతని పాత ఉద్యోగం అతని కోసం ఉండాలి. అందుకే చట్టం ఆ భారంలో కొంత భాగాన్ని యజమాని భుజాన పెట్టింది.

ఆ నిబంధన సెక్షన్ 7ఎ. సెక్షన్ 7 కింద సైనిక సేవకు వెళ్లవలసి వచ్చిన ఉద్యోగిని, ఆ సేవ ముగిసిన వెంటనే, ఉద్యోగం మధ్యలో ఆగకపోయి ఉంటే ఏ స్థితిలో ఉండేవాడో అంతకు తగ్గని పనిలో, తగ్గని షరతులతో తిరిగి చేర్చుకోవడం ప్రతి యజమాని విధి అని అది చెబుతుంది. ఇందులో ప్రభుత్వ యజమాని, ప్రైవేటు యజమాని అన్న తేడా లేదు. మీ స్థానంలో ఇంకొకరిని తీసుకున్నామన్నంత మాత్రాన ఆ విధి రద్దు కాదు. పిలుపు ఉత్తర్వు వచ్చిన తర్వాత, మీరు బయలుదేరకముందే తొలగించి ఉంటే, ఈ బాధ్యత తప్పించుకోవడానికే అలా చేశారని చట్టం అనుకుంటుంది. అలా కాదని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే.

అయితే ఈ హక్కు పరిపూర్ణమైనదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను. యజమాని నిరాకరించినా, చేర్చుకోవడం సాధ్యం కాదన్నా, ఇద్దరిలో ఎవరైనా నిబంధనలు నిర్దేశించిన అధికారి ముందుకు వెళ్లవచ్చు. ఆ అధికారి మిమ్మల్ని చేర్చుకోవాలని ఆదేశించవచ్చు, ఆరు నెలల జీతానికి మించని పరిహారంతో సరిపెట్టవచ్చు, లేదా యజమానికి మినహాయింపే ఇవ్వవచ్చు. ఆదేశాన్ని ధిక్కరించిన యజమానికి జరిమానా వెయ్యి రూపాయల వరకే. నేటి కర్మాగారాల లెక్కలో అది క్యాంటీన్ ఖర్చుకు కూడా చాలదు, సవరించవలసిన నిబంధన ఇదే. కాకపోతే జరిమానాతో పాటు ఆరు నెలల జీతానికి సమానమైన మొత్తాన్ని ఉద్యోగికి చెల్లించాలని కోర్టు ఆదేశిస్తుంది కాబట్టి అసలు ఒత్తిడి అక్కడ పడుతుంది.

మీరు గమనించవలసిన గడువు రెండు నెలలు. సైనిక సేవ ముగిసిన నాటి నుంచి రెండు నెలల్లోగా ఉద్యోగి తిరిగి చేర్చుకోమని అడగలేదని రుజువైతే, కేసులో యజమాని దాన్ని రక్షణగా వాడుకోవచ్చు. మీరు నోటిమాటగా అడిగారు, వారు నోటిమాటగానే కాదన్నారు. రేపు ‘అసలు రానే లేదు’ అంటే మీ దగ్గర కాగితం ఉండదు. కాబట్టి ఈ వారమే ఒక దరఖాస్తు రాయండి. మీ ఉద్యోగి సంఖ్య, హోదా, ఎంబాడీ అయిన తేదీ, డిస్‌ఎంబాడీ అయిన (సేవ నుంచి విడుదలైన) తేదీ, సెక్షన్ 7ఎ కింద తిరిగి చేర్చుకోవాలన్న కోరిక ఉంటే చాలు. పిలుపు ఉత్తర్వు, విడుదల ఉత్తర్వు నకళ్లు జతచేసి, రసీదుతో కూడిన స్పీడ్ పోస్టులో పంపి, ఒక ప్రతిని మీ కమాండింగ్ ఆఫీసర్‌కు ఇవ్వండి. యూనిట్ లెటర్‌హెడ్ మీద వెళ్లిన ఒక ఉత్తరంతోనే యాజమాన్యాలు దారికి రావడం సాధారణం. కార్మిక చట్టాల కింద మీకుండే పరిహార మార్గం దీనికి అదనం.

ఒక్క చోట జాగ్రత్త అవసరం. బెటాలియన్ మొత్తాన్ని కాకుండా, మిమ్మల్ని మీ కోరిక మీద రెగ్యులర్ దళానికి అటాచ్ చేసి ఉంటే, సేవకు ‘వెళ్లవలసి వచ్చింది’ అన్న మాట మీకు వర్తించదని అవతలి న్యాయవాది వాదించవచ్చు. నా అభిప్రాయంలో ఆ వాదన నిలవడం కష్టం, ఎందుకంటే స్వయంగా కోరుకున్న అటాచ్‌మెంట్‌ను కూడా సెక్షన్ 7 సైనిక సేవగానే లెక్కించింది. అయినా మీ ఉత్తర్వులో ఏ పదాలున్నాయో ముందే చూసుకోండి.

పీఎఫ్ విషయంలో బెదిరింపుకు లొంగనక్కర్లేదు. సేవలో ఉన్నంతకాలం, తిరిగి చేర్చుకునే వరకు, భవిష్యనిధి వంటి పథకాల్లో నిబంధనలు నిర్దేశించిన హక్కులు కొనసాగుతాయని సెక్షన్ 7బి చెబుతుంది.

ఇక మీ మిత్రుడి సంగతి. రాదని ఎవరు చెప్పినా నమ్మి ఊరుకోవద్దని చెప్పండి. కుమావూ ప్రాంతపు పర్యావరణ బెటాలియన్‌లో పనిచేస్తూ, సెలవు మీద ఇంటికి వెళ్లే దారిలో ప్రమాదానికి గురై కుడికాలు మోకాలి వరకు కోల్పోయిన ఒక జవానుకు 80 శాతం వైకల్యం ఉన్నా పింఛను నిరాకరించారు. పింఛను అడగనని చేరేటప్పుడు సంతకం చేశాడన్నది ప్రభుత్వ వాదన. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. బేరమాడే శక్తి లేని ఉద్యోగి చేత చేయించుకున్న అలాంటి సంతకం అతని హక్కును హరించలేదని చెప్పి, వికలాంగ పింఛను ఇవ్వాలని ఆదేశించింది. మీ మిత్రుడికి గాయం ఎంబాడీ అయి ఉన్న కాలంలోనే తగిలిందా, మెడికల్ బోర్డు దాన్ని సైనిక సేవకు ఆపాదించిందా, వైకల్యం ఎంత శాతమని రాసింది అన్న మూడు విషయాల మీద ఆయన కేసు నడుస్తుంది. బోర్డు నివేదిక నకలు తీసుకుని, నిరాకరణ ఉత్తర్వు వస్తే అప్పీలు చేసుకోమనండి. అక్కడా కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.