పాత సైకిల్ ఫ్రేమ్ కొనే ముందు సీటు పోస్ట్ కదిపి చూడండి

ప్రశ్న: 1990ల నాటి ఉక్కు మౌంటెన్ బైక్ ఫ్రేమ్ ఒకటి అమ్మకానికి ఉంది. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే భాగం), సీటు పోస్ట్ (సీటును మోసే కడ్డీ) ఉన్నాయి. చక్రాలు, బ్రేకులు, గేర్లు లేవు. రంగు బాగుంది. సీటు పోస్ట్ కదలడం లేదు కానీ నూనె పోస్తే వచ్చేస్తుందంటున్నారు. రోజువారీ తిరగడానికి, అప్పుడప్పుడూ మట్టి బాటలకీ కావాలి. కొనవచ్చా?

జవాబు: నూనె పోస్తే వచ్చేదైతే ఆ పని అమ్మేవారే చేసి చూపించవచ్చు. పోస్ట్ కదిలాకే డబ్బివ్వండి. ఉక్కు గొట్టంలో అల్యూమినియం పోస్ట్ ఏళ్ల తరబడి ఉండి, లోపలికి తడి చేరితే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరుగుతుంది. అప్పుడు ఏర్పడే తెల్లటి పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి, పోస్ట్‌ను చుట్టూ బిగబట్టేస్తుంది.

మీరే తీయాలనుకుంటే ముందు పోస్ట్‌ను ఫ్రేమ్‌కు బిగించే బోల్టు పూర్తిగా వదులు చేయండి. ఫ్రేమ్‌ను తలకిందులు చేసి, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు, దాని బేరింగులు) తీసేసి, ఆ దారిలో చొరబడే నూనె పోయండి. ఒక రోజు ఆగి మళ్లీ పోయండి. తర్వాత పోస్ట్ తలను బల్లకు బిగించిన వైస్‌లో పట్టి, ఫ్రేమ్‌నే రెండు చేతులతో తిప్పండి. వేడి చేస్తే వస్తుందని చాలామంది చెబుతారు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి వేడికి పోస్ట్ ఇంకా బిగుసుకుంటుంది. చల్లబరిస్తేనే నయం. ఏదీ కుదరకపోతే పోస్ట్‌ను పైన కోసేసి, లోపలి నుంచి హాక్సా బ్లేడుతో నిలువుగా చీల్చాలి. గంటల తరబడి పని; చెయ్యి జారితే గొట్టం కూడా తెగుతుంది. ఇంతవరకూ వచ్చేటట్టుంటే ఆ ఫ్రేమ్ వదిలేయడమే మేలు.

పోస్ట్ వచ్చిందనుకుందాం. దాని మీద చెక్కిన కొలత చూడండి. 26.8, 27.0, 27.2 ఇలా 0.2 మి.మీ. తేడాతో ఉంటాయి. గొట్టంలో ఇమిడిందని ఒక సైజు చిన్నది వేస్తే ఎంత బిగించినా జారుతుంది, బోల్టు పట్టే గొట్టం చెవులు వంకరపోతాయి.

ఇక రంగు సంగతి పక్కన పెట్టి, హెడ్ ట్యూబ్‌కు (ఫోర్క్ దూరే ముందు గొట్టం) వెనక డౌన్ ట్యూబ్ (అక్కడి నుంచి పెడళ్ల దాకా వచ్చే గొట్టం) అడుగున వేలితో తడమండి. అక్కడ అలలా ఉబ్బు తగిలినా, రంగు అడ్డంగా పగిలి ఉన్నా ఆ బండి ముందు నుంచి దేన్నో గుద్దుకుంది, కొనకండి. తర్వాత ఒక దారం వెనక డ్రాపవుట్ (చక్రం ఇరుసు కూర్చునే గాడి) నుంచి హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి రెండో డ్రాపవుట్‌కు కట్టండి. సీటు ట్యూబ్‌కూ (పోస్ట్ దూరే గొట్టం) దారానికీ మధ్య దూరం రెండు వైపులా ఒకటే ఉండాలి. రెండు మూడు మి.మీ. తేడా ఉంటే వెనక భాగం వంగినట్టే. ఉక్కును సరిచేయవచ్చు, అల్యూమినియంను చేయకూడదు. బాటమ్ బ్రాకెట్ ఉండే గొట్టం లోపలికి టార్చి వేసి చూడండి, నీళ్లు చేరే చోటు అదే. పైపై తుప్పు పర్వాలేదు, గీకితే పొరలుగా రాలితే వద్దు.

బ్రేక్ స్టడ్లు (బ్రేకు చేతులు బిగించే, ఫ్రేమ్‌కు అతికిన పొట్టి మేకులు) రిమ్ముకు కిందుగా, ఇరుసు వైపు ఉంటే కాంటిలివర్, వి-బ్రేకులు (రిమ్మును రెండు పక్కల నొక్కే రెండు రకాల బ్రేకులు) రెండూ పడతాయి. వి-బ్రేకుకు దాని లీవరే వాడాలి. పాత లీవరు తక్కువ తీగ లాగుతుంది, పిడి హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేస్తుంది. 1980ల చివరి కొన్ని ఫ్రేమ్‌లలో వెనక స్టడ్లు రిమ్ముకు పైగా, టైరు వైపు ఉంటాయి. వాటికి యు-బ్రేకే (అలాంటి స్టడ్లకు చేసిన మరో రకం) దిక్కు.

గిట్టుబాటు విషయానికొస్తే, చక్రాలు, క్రాంకులు, గేర్లు, బ్రేకులు, చైను, కేబుళ్లు, టైర్లు విడివిడిగా కొంటే ఖర్చు ఫ్రేమ్ ధరను దాటిపోతుంది. అదే కాలపు పూర్తి బండి, నడవకపోయినా సరే, దొరికితే దాన్ని కొనడం చౌక. ఒక్క ఫ్రేమ్ కొనడం మీ దగ్గర సరిపోయే చక్రాలూ గేర్లూ ముందే ఉంటేనే అర్థవంతం.

ప్రశ్న: నా ఉక్కు ఫ్రేమ్ వెనక డ్రాపవుట్ల మధ్య ఎడం 130 మి.మీ., దొరికిన చక్రం హబ్బు వెడల్పు 135. పడుతుందా?

జవాబు: పడుతుంది. ఒక్కో వైపు 2.5 మి.మీ. మాత్రమే కాబట్టి చేతులతో విడదీసి దూర్చినా సరిపోతుంది. శాశ్వతంగా వెడల్పు చేయిస్తే రెండు డ్రాపవుట్లూ మళ్లీ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఇరుసు వంగి విరుగుతుంది. ఆ హబ్బు 8, 9, 10 గేర్లదై, మీ షిఫ్టర్ 7 గేర్లదైతే, 7 గేర్ల క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) వెనక 4.5 మి.మీ. స్పేసర్ (ఎడం నింపే రింగు) వేయండి.

ప్రశ్న: 26 అంగుళాల పాత అల్యూమినియం ఫ్రేమ్‌కు 27.5 చక్రాలు, పొడవైన సస్పెన్షన్ ఫోర్క్ వేయవచ్చా?

జవాబు: 26 రిమ్ము 559 మి.మీ., 27.5ది 584. అంచు 12.5 మి.మీ. పైకి పోతుంది, బ్రేకు ప్యాడ్లు దాన్ని అందుకోవు. వెనక టైరుకు చోటు కూడా చాలకపోవచ్చు. ఫోర్క్ పొడవు ప్రతి 20 మి.మీ. పెరిగితే హెడ్ ట్యూబ్ దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, హెడ్ ట్యూబ్ అతుకుల మీద లాగుడు పెరుగుతుంది. పాత ఫోర్క్‌ను ఇరుసు నుంచి క్రౌన్ (రెండు కాళ్లు కలిసే పై భాగం) దాకా కొలిచి, కొత్తది దాదాపు అంతే ఉండేలా ఎంచుకోండి. కింద లావుగా ఉండే టేపర్డ్ స్టీరర్ (హెడ్ ట్యూబ్‌లో దూరే ఫోర్క్ గొట్టం) మీ హెడ్ ట్యూబ్‌లోకి వెళ్లదు, పై నుంచి కింది దాకా ఒకే లావుండే 28.6 మి.మీ. స్టీరర్ అడగండి.