రైలు మార్గాన్ని వరద నుంచి కాపాడే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో ఏడాది చదువుతోంది. 2024 సెప్టెంబరు వరదల్లో కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడటం చూసినప్పటి నుంచి, రైలు మార్గాలను వరదల నుంచి కాపాడే పనే చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉంటుందా? సాఫ్ట్‌వేర్ వైపు పంపమని బంధువులు అంటున్నారు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉంటుందండీ. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్ రాదు. రైల్వే సివిల్ ఇంజినీర్ల రోజువారీ డ్యూటీలోనే అది కలిసి ఉంటుంది.

మన వైపు ఈ పని చెరువు దగ్గర మొదలవుతుంది. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ పట్టాలు తప్పి వంద మందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువుకు గండి పడి, ఆ నీరు పట్టాల కింద చిన్న వంతెనను ఊడ్చుకుపోయింది. తెగితే లైనుకు ముప్పు తెచ్చే చెరువులను రైల్వేవాళ్లు ‘రైల్వే ఎఫెక్టింగ్ ట్యాంక్స్’ అంటారు. చెరువేమో రైల్వేది కాదు. అందుకే వానాకాలానికి ముందే నీటిపారుదల శాఖ వాళ్లతో కలిసి కట్ట, తూము, అలుగు చూసుకోవాలి. వంతెన స్తంభం మీద ప్రమాద మట్టం గీత ఉంటుంది. వానరాత్రుల్లో పెట్రోల్‌మన్ (గస్తీ తిరిగే ఉద్యోగి) లైను వెంట నడుస్తాడు. నన్నడిగితే ఈ ఉద్యోగం సగం లెక్కలు, సగం పక్క శాఖతో ఓపిగ్గా మాట్లాడటం.

దారులు రెండు: ఆర్‌ఆర్‌బీ (రైల్వే నియామక బోర్డు) జూనియర్ ఇంజినీర్ పరీక్ష, యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్. పైచదువు కావాలంటే ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయొచ్చు. ఐఐటీ రూర్కీలో హైడ్రాలజీకి, అంటే వాన, వరద నీటి లెక్కల చదువుకు, ప్రత్యేక విభాగమే ఉంది. ఈలోపు ఆ సబ్జెక్టును పాస్ మార్కులతో వదిలేయొద్దని చెప్పండి. మ్యాపులతో పనిచేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోమనండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మీ దగ్గరి ఒక కల్వర్టు (పట్టాల కింద నీరు పోయే చిన్న వంతెన) తీసుకుని, ఎగువన ఎంత విస్తీర్ణంలో పడిన వాన నీరు దానికి చేరుతుందో, పెద్ద వానకు అది చాలుతుందో లేదో లెక్కగట్టమనండి. మ్యాపులతోనే సుమా, పట్టాల మీదికి వెళ్లకుండా!

విదేశాల మీద మనసుంటే ఒక్క మాట. అక్కడ ముప్పు వరదే కానక్కర్లేదు: అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బార్ట్ అనే నగర రైళ్లకు పెద్ద భయం భూకంపం. హెచ్చరిక అందగానే రైళ్లు వాటంతటవే వేగం తగ్గించే ఏర్పాటు చేసుకున్నారు. ఆ భూకంపాల పని వైపు వెళ్లాలంటే స్ట్రక్చర్స్ (కట్టడాల బలం లెక్కించే సబ్జెక్టు) చదవాలి.

సాఫ్ట్‌వేర్‌లో మంచి ప్యాకేజీలతో పోలిస్తే మొదటి జీతం తక్కువే అనిపించొచ్చు. పోస్టింగ్ చిన్న ఊళ్లో పడొచ్చు, అందరూ దుప్పటి కప్పుకున్న వానరాత్రే ఫోన్ మోగుతుంది. డోర్నకల్ వైపు సెక్షన్ ఇంజినీర్ ఎవరైనా తెలిస్తే, ఈ జులైలోనే అమ్మాయిని ఒకసారి మాట్లాడించండి.