ఒకే వ్యాక్సిన్ వేసుకున్నాం, నా భార్యకి యాంటీబాడీలు వందల్లో, నాకు 10 లోపు. ఎందుకిలా?

మీరిద్దరూ ఆస్పత్రి ఉద్యోగులు, ఒకే బ్యాచ్ హెపటైటిస్ బి వ్యాక్సిన్ మూడు డోసులూ వేసుకున్నారు, మీకు మాత్రం టైటర్ (రక్తంలో యాంటీబాడీల లెక్క) రక్షణకి కావాల్సిన 10 కూడా రాలేదు, మందు పాడైందేమో అని రాశారు. అదే బ్యాచ్ ఆవిడకి అంత బాగా పనిచేసిందంటే మందుని అనుమానించక్కర్లేదండి.

నేను ఒంగోలులో డయాలసిస్ నర్సుని. ఇలాంటి రిపోర్టులు మాకు మామూలే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనే నూటికి 5 నుంచి 10 మందికి మూడు డోసుల తర్వాత కూడా 10 యూనిట్లు దాటదు. 40 దాటినవాళ్లకి, మగవాళ్లకి, లావుగా ఉన్నవాళ్లకి, సిగరెట్ తాగేవాళ్లకి తక్కువ వస్తుంది. మీకు 46 ఏళ్లు, సిగరెట్ అలవాటు ఉందని మీరే రాశారు. పుట్టుకతో వచ్చే తేడా కూడా ఉంది. వైరస్ ముక్కని రక్షణ కణాలకి చూపించే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు మనిషికో రకం, వాటిలో కొన్ని రకాలున్నవాళ్లకి ఈ వ్యాక్సిన్ సరిగా ఎక్కదు. ఇంకో వ్యాక్సిన్‌కి వాళ్లకే బ్రహ్మాండంగా రావచ్చు.

సూది ఎక్కడ వేశారో కూడా గుర్తు చేసుకోండి. భుజం కండలో వేయాలి. పిరుదు మీద వేస్తే మందు కొవ్వులో ఉండిపోయి యాంటీబాడీలు తగ్గుతాయి.

మా యూనిట్‌కి కనిగిరి వైపు నుంచి కిడ్నీ రోగులు చాలామంది వస్తారు. కిడ్నీలు చెడితే రక్షణ కణాలూ మందగిస్తాయి. అందుకే వాళ్లకి రెట్టింపు డోసు, మూడుకి బదులు నాలుగుసార్లు. ఒక పెద్దాయన మెషీన్ నడుస్తుండగానే "ఈసారైనా ఎక్కిందామ్మా?" అని అడుగుతారు. పక్క బెడ్ అమ్మాయికి అదే డోసుతో వందలు దాటింది, ఆయనకి ఇంకా సున్నా దగ్గరే. "నా ఒళ్లే సహకరించట్లేదు" అని ఆయన బాధపడుతుంటే నాకు మనసు పాడవుతుంది. అందులో ఆయన చేసిన తప్పేమీ లేదు.

జబ్బు సోకినప్పుడూ అంతే. వానాకాలంలో ఒకే ఇంట్లో ఇద్దరికి డెంగ్యూ వస్తే ఒకరికి ఐజీఎం (జబ్బు కొత్తగా సోకినప్పుడు ముందు వచ్చే యాంటీబాడీ) బాగా కనిపిస్తుంది, ఇంకొకరికి ఐజీజీ (ఆ తర్వాత వచ్చి చాలాకాలం ఉండే యాంటీబాడీ) గబగబా పెరిగి ఐజీఎం లీలగా ఉంటుంది. ఆ రెండో మనిషికి అంతకుముందే డెంగ్యూ నాలుగు రకాల్లో ఇంకోటి సోకి ఉండొచ్చు. ఒంటికి ఆ పాత జ్ఞాపకం ఉంటుంది.

ఇక మీ సంగతి. టెస్టు మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో చేయించారా? ఏళ్ల తర్వాత చేయిస్తే అంకె తగ్గి కనిపించడం సహజం, ఒకసారి 10 దాటినవాళ్లకి రక్షణ ఉండిపోతుంది. సరైన సమయంలోనే చేయించి ఉంటే, డాక్టరుని అడిగి ముందు, ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోండి. వైరస్ ముందే ఒంట్లో ఉన్నవాళ్లకీ ఈ యాంటీబాడీలు రావు. అది నెగటివ్ అయితే మళ్లీ మూడు డోసులు వేయించుకోండి, రెండోసారి చాలామందికి వస్తుంది. ఖర్చుకి వెనకాడకండి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే తయారుచేశాక ఈ వ్యాక్సిన్ అందుబాటు ధరకి వచ్చింది. ఆ సంస్థ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు మన నెల్లూరు జిల్లావారే.

ఈలోపు డ్యూటీలో సూది గుచ్చుకుంటే "వ్యాక్సిన్ వేసుకున్నాగా" అని ఊరుకోకండి. వెంటనే చెప్పండి. మీలాంటివాళ్లకి ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ వీలైతే 24 గంటల్లోపే పడాలి.