స్టీక్ మ్యారినేషన్‌లో పులుపు తగ్గించండి, ఉప్పు ముందు పట్టించండి

మీరు అడిగినవి రెండు విషయాలు. బయట కొనే వూస్టర్ సాస్ లాంటి సీసాలు లేకుండా వంటింట్లో ఉన్న వాటితో స్టీక్‌కి, అంటే మందంగా కోసి పెంక మీద కాల్చే మాంసం బిళ్లకి, మ్యారినేషన్ (కాల్చేముందు మసాలా పట్టించి ఉంచడం) ఎలా చేసుకోవాలి? పెరుగు, నిమ్మరసం పోసి రాత్రంతా ఉంచినా ముక్క పైన పిండిలా, లోపల రబ్బరులా ఎందుకు వస్తోంది? నాకూ అచ్చం ఇలాగే జరిగింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

మాది కాజీపేట. కొన్నేళ్ల కింద మా తమ్ముడు క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు స్టీక్ చేసి పెట్టమని అడిగాడు. బర్రె మాంసంలో అండర్‌కట్ (నడుము దగ్గర వెన్నెముక కింద ఉండే మెత్తటి భాగం) తెచ్చాం. మటన్ పసందాకి ఎలా చేస్తామో అలాగే పెరుగు, నిమ్మరసం, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పైగా గట్టి ముక్క కదా అని రెండు చెంచాల పచ్చి బొప్పాయి ముద్ద కూడా కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున పెంక మీద వేస్తే నీళ్లు ఊరి ఉడికిపోయింది తప్ప కాలలేదు. పైపొర వేలితో నొక్కితే ఊడివచ్చింది, మధ్యలో మాత్రం నమలలేకపోయాం. తమ్ముడు ఏమీ అనకుండా తినేశాడు కానీ నాకు చాలా బాధేసింది. ఆ తర్వాత ఒక్కొక్కటే మారుస్తూ చేసుకుంటూ వచ్చాను.

ముందు మాంసం గురించి చెప్పాలి, ఎందుకంటే తప్పు సగం అక్కడే జరుగుతుంది. విదేశాల్లో స్టీక్‌కి వాడే మాంసాన్ని చాలావరకు రెండు మూడు వారాలు చల్లగా నిల్వ ఉంచి అమ్ముతారు. ఆ రోజుల్లో మాంసంలోని సొంత ఎంజైములే దాన్ని మెత్తబరుస్తాయి. మన దగ్గర పొద్దున కోసింది మధ్యాహ్నానికి పొయ్యి మీదికి వస్తుంది. కూరకి అది మంచిదే, గంటసేపు ఉడుకుతుంది కాబట్టి. స్టీక్‌కి మాత్రం అప్పుడే కోసిన మాంసం బిగుసుకుని ఉంటుంది, దానికి ఏ మసాలా పట్టించినా లాభం లేదు. తెచ్చిన వెంటనే తుడిచి, మూత పెట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో ఒక రోజు, కుదిరితే రెండు రోజులు ఉంచండి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉండాలి, కరెంటు ఎక్కువసేపు పోయే రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. షాపులో అడిగేటప్పుడు అండర్‌కట్ కావాలని, కూర ముక్కల్లా కొట్టకుండా అంగుళం మందం బిళ్లలుగా కోయమని చెప్పండి. పెద్ద కూర తినని ఇంట్లో అయితే గొర్రె తొడలో ఎముక లేని భాగాన్ని అర అంగుళం మందంతో కోయించుకుంటే ఇదే పద్ధతి పనిచేస్తుంది, మా అత్తగారింట్లో అలాగే చేస్తాను.

ఇప్పుడు పులుపు సంగతి. నిమ్మరసం, పెరుగు, వెనిగర్ ఎంతసేపు ఉంచినా ముక్క లోపలికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పోవు. పైపొరను మాత్రం మార్చేస్తాయి, ఎక్కువసేపు ఉంటే అది పిండిలా అవుతుంది. చిన్న ముక్కల కబాబుకి, బిర్యానీకి పెరుగు బాగుంటుంది. అంగుళం మందం ముక్కకి అది పైన మాత్రమే ఉంటుంది, పైగా పెంక మీద అంటుకుని మాడుతుంది. బొప్పాయి ఇంకా బలమైనది. పచ్చి బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైము వేడి తగిలే కొద్దీ ఇంకా చురుగ్గా పనిచేస్తుంది, అందుకే ఫ్రిజ్‌లో బాగానే కనిపించిన ముక్క పెంక మీద చితికిపోతుంది. వాడాల్సి వస్తే అర కిలోకి అర చెంచా, అరగంట, అంతే. నేనైతే మానేశాను.

లోపలిదాకా పోయేది ఉప్పు ఒక్కటే. ముందు అది మాంసంలోంచి నీళ్లు బయటికి లాగుతుంది, పైన తడి తేలుతుంది. ఓ నలభై నిమిషాల తర్వాత ఆ ఉప్పునీళ్లే మెల్లగా లోపలికి పోతాయి, తర్వాత కాల్చినా ముక్క తన రసాన్ని వదలకుండా పట్టుకుంటుంది. కాబట్టి ఉప్పు రాసిన పది నిమిషాలకు పెంక మీద వేయడం అన్నిటికంటే చెడ్డ పని, తడి పైనే ఉంటుంది. అయితే రెండు మూడు గంటల ముందు రాయండి, లేదంటే వేసే క్షణంలో రాయండి.

వూస్టర్ సాస్ లేకపోతే ఎలా అని కూడా అడిగారు కదా. ఇంగ్లండ్‌లో 1837 నుంచి అమ్ముతున్న ఆ సాస్‌లో వెనిగర్, చేపలు, చక్కెర పాకంతో పాటు మన చింతపండు కూడా ఉంటుంది! ఈ సంగతి తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది. అప్పటి నుంచి చింతపండు, బెల్లం, సోయా సాస్ కలిపి వాడుతున్నాను, ఆ రుచికి చాలా దగ్గరగా వస్తుంది. సోయా సాస్ కూడా సీసాయే కదా అంటారేమో, ఫ్రైడ్ రైస్ చేసే ఏ ఇంట్లోనైనా అది ఉంటుంది. లేకపోతే వదిలేసి ఉప్పు కొంచెం పెంచండి.

అర కిలో మాంసానికి నా కొలతలు చెప్తాను. చిన్న చెంచాలో ముప్పావు వంతు ఉప్పు (సోయా సాస్ వేయకపోతే నిండు చెంచా), పెద్ద చెంచాడు సోయా సాస్, గోలీ అంత చింతపండు నానబెట్టి తీసిన చిక్కటి గుజ్జు, పావు చెంచా బెల్లం తురుము, బరకగా దంచిన మిరియాలు ఒక చెంచా, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు చితక్కొట్టినవి, రెండు పెద్ద చెంచాల పల్లి నూనె. బెల్లం అంతకంటే ఎక్కువ వేయొద్దు, ముక్క కాలకముందే మాడి చేదెక్కుతుంది. కారం ఒక చెంచా, అది కూడా చపాటా మిర్చిది అయితే చాలా మంచిది. మన వరంగల్ చపాటాకి 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, కొందరు టమాటా మిర్చి అంటారు. మంట తక్కువ, ఎరుపు ఎక్కువ. మామూలు కారం చెంచాడు వేస్తే మాంసం రుచి కనబడదు, చపాటా వేస్తే రంగు దిగుతుంది, నాలుక మండదు. గరం మసాలా, ధనియాల పొడి వేయకండి. అవి వేస్తే కూర వాసనే వస్తుంది.

ఇవన్నీ కలిపి ముక్కలకు రెండు వైపులా రుద్ది, గాజు గిన్నెలోనో గట్టి ప్లాస్టిక్ కవర్లోనో పెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచండి. చింతపండు కొంచెమే కాబట్టి రాత్రంతా ఉన్నా పాడవదు, కానీ నాకు నాలుగు గంటలదే బాగా నచ్చింది.

ఇక్కడి నుంచి చేసేది చాలామంది వదిలేస్తారు. పెంక మీద వేసే అరగంట ముందు బయటికి తీసి, ఎల్లిగడ్డ ముక్కలు దులిపేసి (అవి మాడిపోతాయి), శుభ్రమైన బట్టతోనో టిష్యూతోనో ముక్కను నొక్కి నొక్కి పొడిగా తుడవండి. మసాలా అంతా పోతోందని మా అమ్మ మొదట్లో గాభరా పడేది. పోదు, పట్టాల్సింది అప్పటికే పట్టేసింది. తడి ఉన్నంతసేపు ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటదు, గోధుమ రంగు రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. మీకు రబ్బరులా అయిన ముక్క ఉడికింది, కాలలేదు.

బరువైన ఇనుప పెంక తీసుకోండి, నాన్‌స్టిక్ వద్దు. పెద్ద మంట మీద ఐదు నిమిషాలు కాగనిచ్చి, నీటి చుక్క వేస్తే గోలీలా దొర్లాలి. ఒక్కసారి రెండు ముక్కలకంటే ఎక్కువ పెట్టకండి, పెంక చల్లారిపోతుంది. పొగ బాగా వస్తుంది, కిటికీ తెరవండి. అంగుళం మందానికి ఒక్కో వైపు మూడు నిమిషాలు, తర్వాత మంట తగ్గించి ఇంకో రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పుతాను. ఇంట్లో పెద్దవాళ్లు, గర్భిణులు ఉంటే లోపల ఎరుపు పోయేదాకా కాల్చండి, అక్కడ రుచికోసం రాజీ పడొద్దు. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి 63 డిగ్రీలు వచ్చాక దించి, కనీసం మూడు నిమిషాలు ఆగండి. అది లేకపోతే కూడా దించిన వెంటనే కోయకండి, ఐదు నిమిషాలు పళ్లెంలో వదిలేయండి. లేకపోతే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది.

కోసేటప్పుడు నార ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా సన్నగా కోయండి. నారతో పాటే పొడవుగా కోస్తే పొడుగు పోగులు నోట్లో నలగవు, ఎంత మంచి మాంసమైనా గట్టిగా అనిపిస్తుంది. నా మొదటి స్టీక్‌లో ఈ తప్పు కూడా ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

గిన్నెలో మిగిలిన మసాలా పచ్చిమాంసం తగిలింది కాబట్టి అలాగే పైన పోసుకోవద్దు. కొంచెం నీళ్లు పోసి అదే పెంకలో రెండు మూడు నిమిషాలు బాగా మరిగించి, చివర్లో ఒక ముద్ద వెన్న వేస్తే చిక్కటి పులుసు అవుతుంది. మేము దాన్ని జొన్న రొట్టెతో అద్దుకుని తింటాం, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. మొదటిసారి పావు కిలోతో చేసి చూసి, మీ సోయా సాస్‌కి ఉప్పు ఎంత సరిపోతుందో తేల్చుకున్నాక నలుగురికి వండండి.