కొలిచే ముందు ఆలోచించాల్సినవి

చిరంజీవికి,

నీ పేపర్ ముసాయిదా నిదానంగా చదివాను. భాష శుభ్రంగా ఉంది, బొమ్మలూ బాగున్నాయి. నా పేచీ అంతా కొలతల దగ్గరే. ఇది వాక్యాలు దిద్దితే పోయేది కాదు, ప్రయోగానికి ముందే తేలాల్సిన విషయం.

కణాలకు వెలిగే రంగు వేసి, మైక్రోస్కోప్ కెమెరాతో ఆ వెలుగు కొలిచి, మందు వేసిన కణాల్లో ప్రొటీన్ రెట్టింపైందని రాశావు. నువ్వు పంపిన ఫైల్లో హిస్టోగ్రామ్, అంటే ఏ వెలుగు విలువ ఎన్ని పిక్సెళ్లకు ఉందో చూపే గ్రాఫ్, చూశాను. నీ కెమెరా 12 బిట్లది, అంటే ఒక్కో పిక్సెల్ వెలుగును 0 నుంచి 4095 వరకే చెప్పగలదు. ఆ కణాల నడిమి పిక్సెళ్లు చాలావరకు 4095 దగ్గరే ఆగిపోయాయి. అక్కడ అసలు వెలుగెంతో ఇక ఎవరూ చెప్పలేరు, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. ఈసారి అన్నిటికన్నా బాగా వెలిగే నమూనాను ముందు పెట్టి, అది నిండిపోకుండా ఎక్స్‌పోజర్ కుదుర్చుకో. కంట్రోల్, అంటే మందు వేయని కణాలు, ఎంత మసగ్గా కనిపించినా ఆ సెట్టింగ్ కదపకు.

రంగు వేయని కణాలనూ అదే సెట్టింగ్‌లో తియ్యి. కణాలకు సొంత వెలుగు కొంత ఉంటుంది, కెమెరా కూడా చీకట్లో సున్నా చూపదు. కంట్రోల్ 300, మందు వేసినవి 500 వచ్చాయనుకో. తేడా రెట్టింపు కూడా లేదనిపిస్తుంది. రంగు వేయని కణాల్లో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్ 200 అనుకుని తీసేస్తే మిగిలేది 100, 300. అంటే మూడింతలు!

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది గ్రాఫ్ కింద నమూనాల సంఖ్యగా రాసిన 'ఎన్ 300'. ఆ మూడు వందల కణాలూ రెండే డిష్‌లలోవి, ఒకే రోజు పెంచినవి. ఒక డిష్‌లో కణాలన్నీ ఒకే మీడియం, ఒకే వేడి పంచుకుంటాయి. కాబట్టి నీ దగ్గరున్నది నిజానికి ఒక్క ప్రయోగమే. పి విలువ, అంటే మందు పనేమీ లేకున్నా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం, అంత చిన్నగా వచ్చింది కణాల సంఖ్య వల్ల, దాన్ని నమ్ముకోకు. వేర్వేరు రోజుల్లో కొత్త కల్చర్లతో కనీసం మూడుసార్లు చెయ్యి. పొద్దున కంట్రోలంతా, సాయంత్రం మందువన్నీ తీస్తే మైక్రోస్కోప్ దీపం వెలుగు మారినా అది మందు పనే అనిపిస్తుంది, అందుకని కలగలిపి తియ్యి. లేబుళ్ల బదులు ఇంకొకరితో గుర్తులు పెట్టించుకుంటే ఏది మందుదో నీకు తెలియదు, కణాలను ఎంచుకోవడంలో పక్షపాతమూ ఉండదు.

పద్ధతుల భాగంలో 'ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్‌తో తీశాం' అని ఊరుకున్నావు. లెన్స్ ఎంత వెలుగు పట్టగలదో చెప్పే న్యూమరికల్ అపర్చర్, ఫిల్టర్లు, ఎక్స్‌పోజర్, పిక్సెల్ సైజు అన్నీ రాయి. కొలతలకు జేపెగ్ వాడకు, అసలు ఫైళ్లు దాచిపెట్టు.

ఒక్కో రోజు సగటును ఒక్కో చుక్కగా పెట్టి గ్రాఫ్ మళ్లీ గీసి పంపు. చర్చ భాగం అది చూశాకే చదువుతాను.