బలం తగ్గిందని రాసేటప్పుడు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు వ్యాసం చదివాను. చెప్పదలచుకున్న విషయం గట్టిగా ఉంది. బలహీనపడడమనే అర్థంలో 'వీకెన్' అనే మాట రెండోసారి రాయాల్సి వచ్చేసరికి మాత్రం నీకు బెరుకు పుట్టినట్టుంది. అక్కడి నుంచి పర్యాయపదాల నిఘంటువు దగ్గర పెట్టుకుని పేరాకో కొత్త క్రియ వాడావు. సంస్థ పరపతి 'అబేట్' అయింది, అధికారి మాట 'డెబిలిటేట్' అయింది, ఉద్యోగుల ఓపిక 'అటెన్యుయేట్' అయింది. చదివేవారికి ప్రతిచోటా పంటికింద రాయి తగులుతుంది.

ఆ నిఘంటువు మాటలను పక్కపక్కన కూర్చోబెడుతుందే గానీ ఏది దేనితో పొసగుతుందో చెప్పదు. అనువాదాలు దిద్దేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇది: క్రియ వెతకడానికి ముందే బలం పోగొట్టుకుంటున్నది ఏమిటో చూస్తాను. ఆ బలం తనంతట తాను పోతోందా, ఎవరైనా తీస్తున్నారా అన్నది ఆ తర్వాత. తెలుగులో ఇదంతా నువ్వు ఆలోచించకుండానే చేస్తున్నావు. పట్టు సడలుతుంది, ఉత్సాహం నీరుగారుతుంది, ఆరోగ్యం క్షీణిస్తుంది, వరద తగ్గుముఖం పడుతుంది. ఆరోగ్యం సడలిందని నీ నోట పొరపాటున కూడా రాదు. ఇంగ్లీషు రాసేటప్పుడూ ఆ చెవి తెరిచే ఉంచు.

'వేన్' చంద్రకళలు తగ్గడానికి వాడే మాట. ఒకప్పుడు నిండుగా ఉండి మెల్లమెల్లగా తగ్గేవాటికి అది నప్పుతుంది: పలుకుబడి, ఆదరణ, ఆసక్తి. నీ సంస్థ పరపతికి కావలసింది ఇదే. 'అబేట్' ఎక్కువగా మనం తగ్గాలని కోరుకునేవాటికి వస్తుంది: తుపాను, నొప్పి, రొద. పరపతి అబేట్ అయిందంటే అదేదో పీడ విరగడైనట్టు వినిపిస్తుంది. పొంగినది అణగితే 'సబ్‌సైడ్': వరద, వాపు, కోపం. ఇక ఓపికా, ఉత్సాహమూ, చాలాసేపు సాగిన సంభాషణా అలసి చతికిలబడితే 'ఫ్లాగ్'. నీ ఉద్యోగుల ఓపికకు దీన్ని పెట్టు.

'అండర్‌మైన్' దగ్గర కాసేపు ఆగుదాం. 1215లో ఇంగ్లండు రాజు జాన్ రోచెస్టర్ కోటను ముట్టడించాడు. అతని మనుషులు బురుజు మూల కిందికి సొరంగం తవ్వి, తవ్విన చోట కూలిపోకుండా కర్ర దూలాలు నిలబెట్టారు. రాజు బాగా కొవ్విన 40 పందులను తెప్పించాడు. ఆ కొవ్వుతో దూలాలకు నిప్పు పెట్టారు. దూలాలు కాలిపోగానే పైనున్న రాతికట్టడం మూల కుప్పకూలింది. అండర్‌మైన్ అంటే అక్షరాలా ఈ పనే: పైనున్నదాన్ని కొట్టకుండా, అది నిలబడ్డ ఆధారాన్ని తీసేయడం. అధికారం, విశ్వసనీయత, ఆత్మవిశ్వాసం, వాదన వంటివి దేనిమీదో ఒకదాని మీద ఆనుకుని నిలబడేవే కనుక వాటికి ఈ క్రియ ఇంత బాగా అతుకుతుంది. చేసేది మనిషే కానక్కరలేదు, కుట్ర ఉండనక్కరలేదు. ఒక్క తప్పుడు లెక్క నివేదిక మొత్తాన్ని అండర్‌మైన్ చేయగలదు. నీ అధికారి ఇచ్చిన ఆదేశాలను పట్టించుకోవద్దని పైవారే సిబ్బందికి చెబుతున్నారని రాశావు కదా, ఆ వాక్యం ఈ క్రియ కోసమే ఎదురుచూస్తోంది.

'సాప్' కూడా ముట్టడి నుంచి వచ్చిందే. కోటగోడ వైపు కందకం తవ్వుకుంటూ పోవడం దాని పాత అర్థం; సైన్యంలో ఇంజినీర్లను ఇప్పటికీ సాపర్లంటారు. అయితే చెట్టు రసానికీ ఇంగ్లీషులో అదే మాట కావడంతో ఆ వాసన దీనికీ పట్టింది. అందుకే బొట్టుబొట్టుగా పీల్చేసే వాటికి వాడతారు: వదలని జ్వరం సత్తువను, తెమలని పని ఉత్సాహాన్ని సాప్ చేస్తాయి. కొద్దికొద్దిగా కోతకు గురయ్యే నమ్మకానికి, హక్కులకు 'ఎరోడ్' ఉంది.

శరీరం విషయంలో మరీ జాగ్రత్తగా ఉండు. చూపు, వినికిడి, మూత్రపిండాల పనితీరు దెబ్బతింటే 'ఇంపేర్'. మనిషిని మంచాన పడేసేంత జబ్బుకు 'డెబిలిటేట్'. ఇది ఎక్కువగా 'డెబిలిటేటింగ్' అనే రూపంలో, జబ్బు ముందు విశేషణంగానే కనిపిస్తుంది. 'అటెన్యుయేట్' మనుషులకు వాడేది కాదు. తీగలో వెళ్లే సంకేతం దూరం పెరిగేకొద్దీ అటెన్యుయేట్ అవుతుంది. టీకాల్లోనూ వింటాం: 1880 ప్రాంతంలో లూయీ పాశ్చర్ కోళ్ల కలరా సూక్ష్మజీవుల తీవ్రత తగ్గించి, వాటితోనే కోళ్లకు రక్షణ కల్పించాడు. జబ్బు చేసే శక్తి తగ్గుతుంది, సూక్ష్మజీవి మాత్రం ఉంటుంది. తట్టు టీకాలో ఈనాటికీ ఉండేది అలా బలం తగ్గించిన వైరసే.

'ఎనర్వేట్' జోలికి ఇప్పుడప్పుడే వెళ్లకు. లాటిన్‌లో దాని మూలార్థం నరాలు తీసేయడం, అంటే నీరసపరచడం. ఎనర్జీ అనే మాటకు దగ్గరగా వినిపించడం వల్ల చాలామంది ఉత్తేజపరచడమనే అనుకుంటారు. నువ్వు సరిగ్గా రాసినా చదివేవారు తలకిందులుగా అర్థం చేసుకుంటారు. అవిటిగా చేయడమనే 'క్రిపుల్' నాకు అసలే ఇష్టం లేదు. వైకల్యం ఉన్నవారిని కించపరిచిన మాట అది. ఆర్థిక వ్యవస్థకైనా సరే, నువ్వు వాడవద్దు.

మొదటి పేరాలో 'వీకెన్' రెండుసార్లు వస్తే రానీ. అక్కడ రెండుచోట్లా నువ్వు చెప్పేది ఒకే సంగతి. రెండో చోట మాట మారిస్తే, ఇంకేదో కొత్తగా జరిగిందని పాఠకులు వెతుక్కుంటారు. మూడో పేరా, ఐదో పేరా తిరగరాసి పంపు; మిగతావాటికి నా దిద్దుబాట్లు ఈ ఉత్తరంతోనే జతచేస్తున్నాను.

మామయ్య